మోకాలి మార్పిడికి ముందు ఈ స్టాప్‌వాచ్ పరీక్షలన్నీ అవసరమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: అమ్మగారికి 66 ఏళ్లు, మల్కాజిగిరిలో ఉంటారు, వచ్చే నెల కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్. ఆస్పత్రిలో ఫిజియో ఆవిడని కుర్చీలోంచి పదే పదే లేపి కూర్చోబెట్టారు, కారిడార్‌లో నడిపించారు, మెట్లెక్కించి దింపారు. అన్నిటికీ టైము రాసుకుని, చివర్లో పన్నెండు ప్రశ్నల కాగితం చేతిలో పెట్టారు. "నడవలేకనే కదా ఆపరేషన్‌కి వచ్చింది, మళ్లీ నడిపించి చూడటమేంటి? ఎక్స్‌రే ఉంది, మోకాలు ఎంత వంగుతుందో కూడా చూశారు, అది చాలదా?" అని మీ అనుమానం. ఆపరేషన్ అయ్యాక నిజంగా బాగుపడ్డారో లేదో ఎలా తెలుస్తుందని, ఈ పరీక్షలకి డబ్బుల సంగతేంటని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు. చాలదు. ఆ పరీక్షలు చేయించిన ఫిజియో సరైన పనే చేశారు. ఎక్స్‌రే మోకాలు ఎంత అరిగిందో చెప్తుంది. మనిషి ఏం చేసుకోగలుగుతున్నారో చెప్పదు. ఈ రెండిటికీ పొంతన కుదరని వాళ్లు రోజూ కనిపిస్తారు. ఫిల్ములో ఎముకకి ఎముక ఆనుకుపోయి ఉంటుంది, ఆవిడ మాత్రం బట్టల బకెట్‌తో డాబా ఎక్కి వస్తుంది. ఇంకొకాయనకి ఓ మోస్తరు అరుగుదలే, బాత్రూముకి గోడ పట్టుకుని పోతాడు. ఇక ఆపరేషన్ తర్వాత ఎక్స్‌రే అంటారా, అందరిదీ ఒకేలా మెరుస్తుంటుంది. కీలు సరిగ్గా కూర్చుందా లేదా అన్నది సర్జన్‌కి తెలుస్తుంది గానీ, ఆ కాలితో ఆవిడ బస్సెక్కగలదా అన్నది అందులో కనపడదు.

కొలవాల్సినవి రెండు: ఆవిడ చెప్పేది, ఆవిడ చేసేది. రెండూ ఆపరేషన్‌కి ముందే ఒకసారి కొలిచి పెట్టుకోవాలి. ఎందుకంటే ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు ఈ రెండూ చెరో దారిన పోతాయి.

నేను ఫిజియోథెరపిస్టుని. హైదరాబాద్‌లోనే చాలా ఏళ్లుగా ఎక్కువభాగం మోకాలు, తుంటి ఆపరేషన్ల వాళ్లతోనే నా పని. సర్జన్‌ని కాను కాబట్టి ఏ ఇంప్లాంటు మంచిది, రోబోతో చేయించాలా వద్దా అన్నవాటి జోలికి పోను.

చెరో దారిన పోవడం అంటే ఏంటి

మోకాలి నొప్పి ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకి ఆపరేషన్ అయ్యాక ఆ పాత నొప్పి, లోపల రుద్దుకునే ఆ నొప్పి, పోతుంది. కుట్ల నొప్పి, వాపు ఉంటాయి గానీ అవి వేరని వాళ్లకే తెలుస్తుంది. నెల గడిచేసరికి "ఎలా ఉందమ్మా?" అంటే "దేవుడి దయ, బాగుంది" అంటారు. ఆ ప్రశ్నల ఫారంలో కూడా మంచి మార్కులే పడతాయి. అదే మనిషిని కుర్చీలోంచి లేవమంటే ఆపరేషన్‌కి ముందుకన్నా తక్కువసార్లు లేస్తారు. నడక కూడా ముందుకన్నా నెమ్మదే.

కారణం తొడ ముందు భాగంలో ఉండే క్వాడ్రిసెప్స్ కండరం. కూర్చుని లేవాలన్నా, మెట్టెక్కాలన్నా, దిగేటప్పుడు శరీరాన్ని ఆపాలన్నా భారమంతా దాని మీదే. నొప్పికి భయపడి ఏళ్లుగా వాడక అది ముందే సన్నబడి ఉంటుంది. ఆపరేషన్ తర్వాత నెలకి దాని బలం ఆపరేషన్‌కి ముందున్న దాంట్లో సగం కూడా మిగలదు. అమెరికాలో 2005లో అచ్చయిన ఒక పరిశోధనలో ఆ తగ్గుదల సుమారు 62 శాతం. కండ కరిగిపోయింది కొంతే. ఎక్కువభాగం మోకాల్లో వాపు, నొప్పి ఉన్నంతకాలం నరాలు ఆ కండరానికి పూర్తిగా పని చెప్పకపోవడం వల్ల. కండ అక్కడే ఉంటుంది, పిలిస్తే పలకదు.

ఇక్కడే ఫారం ఒక్కదాన్నే నమ్ముకుంటే దెబ్బ తింటాం. "మెట్లెక్కడం ఎంత కష్టంగా ఉంది?" అని అడిగితే చాలామంది ఎంత నొప్పిగా ఉందో తలుచుకుని జవాబు చెప్తారు. నొప్పి తగ్గింది కాబట్టి కష్టం కూడా తగ్గిందనే చెప్తారు. అబద్ధం కాదది, వాళ్లకి నిజంగా అలాగే అనిపిస్తుంది. దాంతో ఇంట్లోవాళ్లు "ఇంక ఫిజియో ఎందుకు, డబ్బులు దండగ" అని ఆరు వారాలకే మానిపిస్తారు. కండ తిరిగి రావాల్సిన అసలు సమయం అదే.

దీనికి తిరగేసినది కూడా ఉంది. ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్‌గారు, ఉప్పల్ నుంచి వచ్చేవారు. ఆరు నెలలకి నడక, మెట్లు, కుర్చీ అన్నీ ముందుకన్నా ఎంతో మెరుగు. ఫారంలో మాత్రం మార్కులు పెద్దగా పెరగలేదు, మనిషి మొహంలో సంతోషం లేదు. తీరిగ్గా కూర్చోబెట్టి అడిగితే తెలిసింది: ఆయన ఆపరేషన్ చేయించుకున్నదే కింద కూర్చుని భజనలో పాల్గొనొచ్చని. అది కుదరదని ముందు ఎవరూ గట్టిగా చెప్పలేదు, ఆయనా అడగలేదు. మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరు పూర్తి తృప్తిగా లేరని పాశ్చాత్య దేశాల లెక్కలు చెప్తాయి. అందులో కొంత నిజంగా మోకాలి సమస్యే. మిగతాది ఇలా ఆశకీ వాస్తవానికీ మధ్య దూరం. స్టాప్‌వాచ్‌కి అది దొరకదు, అడిగితేనే తెలుస్తుంది.

ఆ పన్నెండు ప్రశ్నల కాగితం

మీరు చెప్పిన దాన్నిబట్టి అది ఆక్స్‌ఫర్డ్ నీ స్కోర్ అయి ఉండాలి. ఇంగ్లండ్‌లో 1998లో తయారైంది, ప్రత్యేకంగా మోకాలి మార్పిడి కోసమే. గడిచిన నాలుగు వారాల గురించి అడుగుతుంది: రాత్రి నొప్పికి మెలకువ వస్తోందా, కుర్చీలోంచి లేవడం ఎలా ఉంది, మోకాళ్ల మీద కూర్చుని లేవగలరా, మెట్లు దిగగలరా, బజారు పని సొంతంగా చేసుకోగలరా, ఇలా. ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 4. మొత్తం 48 వస్తే ఏ ఇబ్బందీ లేనట్టు.

ఇక్కడ ఒక చిక్కుంది, జాగ్రత్త. ఇదే ఫారంకి పాత లెక్క ఒకటుంది. అందులో 12 మంచిది, 60 అధ్వానం. ఒకచోట ఆపరేషన్‌కి ముందు పాత లెక్కలో వేసి, తర్వాత ఇంకోచోట కొత్త లెక్కలో వేస్తే బాగుపడ్డ మనిషి దిగజారినట్టో, దిగజారిన మనిషి బాగుపడ్డట్టో కనపడుతుంది. వోమాక్ అనే 24 ప్రశ్నల ఫారంలో మామూలుగా మార్కు పెరిగితే చెడ్డ. కూస్ అనే దాంట్లో 100 అయితే మంచిది. అందుకని కేస్‌షీటులో ఉత్త అంకె చూసి కంగారు పడకండి, సంబరపడకండి. ఏ ఫారం, ఎటు పెరిగితే మంచిది అని అడిగి దాని పక్కనే రాయించుకోండి.

ఈ ఫారాలు మన ఇళ్లని చూసి రాసినవి కావు. వోమాక్‌లో స్నానాల తొట్టిలోకి దిగడం, మేజోళ్లు తొడుక్కోవడం గురించి ఉంటుంది. మల్కాజిగిరిలో ఏ పెద్దావిడ మేజోళ్లు వేసుకుంటుంది? నేల మీద పీట వేసుకుని కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్, పూజ గదిలో వంగి ముగ్గేయడం మాత్రం ఉండవు. అలాగని ప్రశ్న మార్చేసి "తొట్టి" ఉన్నచోట "పీట" అని చదివితే ఆ మార్కుకి విలువ పోతుంది. ప్రశ్న ఎలా ఉందో అలాగే అడగాలి. మన పనుల గురించి విడిగా అడిగి విడిగా రాసుకోవాలి. ఆ విడి పద్ధతి కింద చెప్తాను, నాకు అన్నిటికన్నా అదే ఎక్కువ పనికొచ్చింది.

ఇంకోమాట. ఫారం అమ్మగారే నింపాలి, మీరు కాదు. చదవలేకపోతే చదివి వినిపించండి, జవాబు మాత్రం ఆవిడ నోటి నుంచే రావాలి. మా దగ్గర ఎప్పుడూ జరిగే తంతు చెప్తాను. "మెట్లు దిగడం ఎలా ఉందమ్మా?" అని పెద్దావిడని అడుగుతాం. ఆవిడ నోరు తెరిచేలోపు కొడుకు "అస్సలు దిగలేదండీ" అంటాడు. కోడలు "నిన్న దిగారు కదా" అంటుంది. ఆవిడ ఇద్దర్నీ చూసి "ఏదో, నడుస్తుంది బాబూ" అని ఊరుకుంటుంది. పిల్లలకి బరువు కాకూడదని కొందరు నొప్పి దాచుకుంటారు, ఆపరేషన్ వాయిదా పడుతుందేమోనని కొందరు పెంచి చెప్తారు. అందుకే ఇంట్లోవాళ్లని కాసేపు బయట కూర్చోమంటాం. తప్పుగా అనుకోకండి.

చేయించి చూసేవి

మోకాలి, తుంటి అరుగుదల ఉన్నవాళ్లకి ఏ పరీక్షలు చేయాలన్నదానికి ఆస్టియో ఆర్థ్రైటిస్ (ఈ కీళ్ల అరుగుదల జబ్బు) మీద పనిచేసే ఒక అంతర్జాతీయ పరిశోధకుల సంఘం 2013లో ఒక జాబితా ఇచ్చింది. అందులో తప్పనిసరివి మూడు: 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరు, 40 మీటర్ల వేగం నడక, మెట్లు. వీలుంటే మరో రెండు: కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోవడానికి పట్టే సమయం, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారు అన్నది. అమ్మగారితో చేయించినవి ఇవే అయి ఉంటాయి.

కుర్చీ పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దీన్నే అందరూ పాడుచేస్తారు. కుర్చీ ఎత్తు సుమారు 43 సెంటీమీటర్లు, అంటే 17 అంగుళాలు ఉండాలి. చేతులు పెట్టుకునే పిడులు అక్కర్లేదు. కుర్చీ వీపు గోడకి ఆనాలి, లేకపోతే మూడోసారికే వెనక్కి జారుతుంది. మన ఇళ్లలో ఉండే ప్లాస్టిక్ కుర్చీలు పాలిష్ బండల మీద ఇంకా జారతాయి. చేతులు ఛాతీ మీద అడ్డంగా కట్టుకోవాలి. పూర్తిగా నిలబడితేనే ఒకటి. సగం లేచి కూర్చుంటే లెక్కలోకి రాదు. తొడ మీద చెయ్యి వేసి లేస్తే కూడా రాదు. చేతుల సాయం లేకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే ఆ పరీక్షలో ఆవిడ మార్కు సున్నా. సున్నా వేయడానికి మొహమాటపడి "పాపం పెద్దావిడ, ఒకటి వేద్దాం" అనుకోకూడదు. చేతులు వాడనిచ్చి మళ్లీ చేయించి, "చేతుల సాయంతో" అని విడిగా రాస్తాం.

పోల్చుకోవడానికి ఒక అంకె: అమెరికాలో ఎవరి పని వాళ్లు చేసుకునే 65–69 ఏళ్ల ఆడవాళ్లు మామూలుగా 11 నుంచి 16 సార్లు లేస్తారు. మన వాళ్ల ఎత్తు, బరువు, అలవాట్లు వేరు కాబట్టి దీన్ని పాస్ మార్కు చేసుకోవద్దు. అమ్మగారికి పోలిక ఆపరేషన్‌కి ముందు నాటి అమ్మగారితోనే.

లెక్క ఒకటైతే ఎలా లేస్తున్నారన్నది ఇంకొకటి. ఆపరేషన్ అయినవాళ్లు లేచేటప్పుడు వాళ్ల పాదాలు చూడండి. ఆపరేషన్ అయిన కాలు ఒక జానెడు ముందుకి జరిపి పెడతారు, రెండో కాలు కుర్చీ కిందకి లాక్కుంటారు. బరువంతా రెండో కాలి మీద వేసి లేస్తారు. అంకె బాగానే వస్తుంది, కొత్త మోకాలు మాత్రం పని చేయడం లేదు. కొందరికి ఏడాది దాటినా ఈ అలవాటు పోదు, ఈలోపు రెండో మోకాలు అరిగిపోతూ ఉంటుంది. ముందు నుంచీ పక్క నుంచీ ఫోన్‌లో రెండు వీడియోలు తీసి పెట్టుకోండి. ఇంట్లోవాళ్లు చేయగలిగిన పనుల్లో దీనంత ఉపయోగపడేది లేదు.

నడక పరీక్ష సులువే. 10 మీటర్ల గీత గీసి నాలుగుసార్లు, పరుగు కాకుండా వీలైనంత వేగంగా. చేతికర్రతో నడిస్తే చేతికర్ర అని రాయాలి. ముందు వాకర్‌తో, తర్వాత ఉత్త చేతులతో చేయించి రెండు టైములూ పోల్చేవాళ్లున్నారు, పోలిక కుదరదు. చెప్పులు కూడా అంతే. ఒకసారి హవాయి చెప్పులు, ఇంకోసారి బూట్లు అయితే ఆ తేడా మోకాలిది కాదు.

మెట్లే అసలు పరీక్ష అని నా అభిప్రాయం. ఎక్కడంకన్నా దిగడంలో బండారం బయటపడుతుంది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి దిగుతున్నారా, కాలు మార్చి కాలు వేస్తున్నారా, రెయిలింగ్ పట్టుకున్నారా, పక్కకి తిరిగి దిగుతున్నారా, ఇవన్నీ టైముతో పాటు రాయాలి. ఏ మెట్లయితే ముందు వాడారో తర్వాత కూడా అవే మెట్లు. పాతబస్తీ ఇళ్లలో, ముషీరాబాద్ సందుల్లో ఉన్న మెట్లు ఒకటి ఆరంగుళాలుంటే పక్కది తొమ్మిదుంటుంది. ఆస్పత్రి మెట్ల టైముని ఆ ఇంటి మెట్లతో పోల్చలేం. ఆస్పత్రి టైము బాగుందని ఇంట్లో ఒంటరిగా వదలొద్దు.

మోకాలు ఎంత వంగుతుందన్న గొడవ

మన దగ్గర అందరికీ ఇదే ధ్యాస. వాట్సాప్‌లో "మా అత్తయ్యకి 120 వచ్చింది, మీకెంత?" అని అడుగుతుంటారు. వంగడం అవసరం, కాదనను. చదునైన నేల మీద నడవడానికి 65–70 డిగ్రీలు, మెట్లెక్కడానికి 80 పైచిలుకు, దిగడానికి, కుర్చీలోంచి లేవడానికి 90 నుంచి 100 వరకు కావాలి. కింద మఠం వేసుకోవడానికీ, ఇండియన్ టాయిలెట్‌కీ ఇంకా చాలా కావాలి. ఆపరేషన్ తర్వాత ఎక్కువమందికి 110–120 దగ్గర ఆగుతుంది. తర్వాత ఎంత వంగుతుందన్నది చాలావరకు ముందు ఎంత వంగేదన్నదాని మీదే ఆధారపడుతుంది. ముందు 90 దాటనివాళ్లు తర్వాత 130 ఆశించకూడదు.

100 దాటాక ఒక్కో డిగ్రీ కోసం కాలు పట్టుకుని విరిచినంత పని చేయడంకన్నా, కాలు పూర్తిగా చాపగలుగుతున్నారా అన్నది చూడండి. మడమ కింద దిండు పెట్టి పడుకున్నప్పుడు మోకాలు తిన్నగా రాకుండా ఓ పది డిగ్రీలు వంగే ఉంటే, ఆ లోటుతో అడుగడుగునా కుంటుతారు, తొడ త్వరగా అలిసిపోతుంది. దీని గురించి వాట్సాప్‌లో ఎవరూ అడగరు. మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకునే అలవాటుంటే ఇవాళే తీయించండి.

వంగే కోణం కీలు గురించి చెప్తుంది. దాన్ని పని చేయగల సత్తువ అనుకోకూడదు. 125 వంగి కుర్చీలోంచి లేవలేనివాళ్లనీ చూశాను, 95తో బోనాలకి లాల్‌దర్వాజ దాకా నడిచి వచ్చినావిడనీ చూశాను.

ఎప్పుడెప్పుడు కొలవాలి

ఆపరేషన్‌కి రెండు నుంచి నాలుగు వారాల ముందు ఒకసారి. మరీ ముందు రోజు వద్దు, భయంతో బీపీ, నిద్రలేమితో ఏ అంకె వచ్చినా నమ్మలేం. తర్వాత ఆరు వారాలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి, ఏడాదికి.

ఆరు వారాల అంకెలు చూసి బెంబేలెత్తకండి. చేసే పనిలో అమ్మగారు అప్పటికి ముందున్న దగ్గరికే రావచ్చు, కాస్త తక్కువ కూడా ఉండొచ్చు. మొదటి నెలలో పడిపోవడం, మూడో నెల వరకు వేగంగా లేవడం, తర్వాత మెల్లగా ఏడాది దాకా పెరగడం మామూలు క్రమం. ఆపరేషన్ అయిన మర్నాడే నడిచారని ఆస్పత్రులు పెట్టే వీడియోలు చూసి పోల్చుకోవద్దు. మర్నాడు లేచి నడిపించడం ఇప్పుడు అన్నిచోట్లా జరిగేదే, రక్తం గడ్డ కట్టకుండా అది మంచిది కూడా. ఆరు నెలలకి ఏం చేయగలుగుతారన్నది దానితో తేలదు. నన్నడిగితే, మూడో నెలకి కూడా ముందు నాటి అంకెలు దాటకపోతే అప్పుడు ఆగి ఆలోచించాలి: వ్యాయామం జరగడం లేదా, వాపు తగ్గలేదా, రెండో మోకాలా, నడుమా, రక్తహీనతా, షుగర్ వల్ల పాదాలు మొద్దుబారాయా అని.

రెండో మోకాలి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర ఆపరేషన్‌కి వచ్చేసరికి చాలామందికి రెండూ పోయి ఉంటాయి. ఒకటే చేయించినప్పుడు నడకా మెట్లూ కొంతవరకే మెరుగవుతాయి, ఎందుకంటే చేయించని కాలు వెనక్కి లాగుతుంది. కొత్త మోకాలు ఫెయిలైందని అనుకునేలోపు ఏ కాలు ఆపుతోందో చూడాలి. ఒక్కో కాలితో విడివిడిగా చిన్న స్టూలు ఎక్కించి చూస్తే తెలిసిపోతుంది.

ఎంత మారితే మారినట్టు

అదే మనిషి ఇవాళ ఒకలా, రేపు ఇంకోలా నడుస్తారు. రాత్రి నిద్ర, మాత్ర వేసుకున్న సమయం, చలి, అన్నీ ఉంటాయి. మోకాలి, తుంటి మార్పిడి రోగుల మీద కెనడాలో చేసి 2005లో అచ్చేసిన లెక్క ప్రకారం, లేచి 3 మీటర్లు నడిచి వచ్చి కూర్చునే పరీక్షలో సుమారు రెండున్నర సెకన్లకన్నా తక్కువ తేడాని, ఆరు నిమిషాల నడకలో సుమారు 60 మీటర్లకన్నా తక్కువ తేడాని నిజమైన మార్పని గట్టిగా చెప్పలేం. అంటే 14 సెకన్లు 13 అయిందని స్వీట్లు పంచక్కర్లేదు, 13 కాస్తా 14 అయిందని సర్జన్‌కి ఫోన్ చేయక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్ ఫారంలో అయితే ఐదు మార్కులకన్నా తక్కువ తేడాని నేను పట్టించుకోను.

మూడు పనులు రాయించండి

పైన చెప్తానన్న విడి పద్ధతి ఇది. కెనడాలోనే 1995లో వచ్చింది. రోగినే అడుగుతాం: "ఈ మోకాలి వల్ల మీరు చేయలేకపోతున్న పనులు, మీకు ముఖ్యమైనవి, మూడో నాలుగో చెప్పండి" అని. ఒక్కోదానికి 0 నుంచి 10. అస్సలు చేయలేకపోతే 0, మోకాలు బాగున్న రోజుల్లోలా చేస్తే 10. తర్వాత ప్రతిసారీ అవే పనుల గురించి అడుగుతాం.

ఇందులో వచ్చే జవాబులు ఏ ఫారంలోనూ రావు. ఒకావిడ "బతుకమ్మ ఆడాలి" అన్నారు. విన్నప్పుడు చిన్న కోరికలా ఉంటుంది. ఆలోచిస్తే అందులో గంటసేపు నిలబడటం, వంగి చప్పట్లు కొట్టి లేవడం, పక్కకి అడుగులేస్తూ గుండ్రంగా తిరగడం, అదీ గుంపులో, ఎగుడుదిగుడు నేల మీద. ఇంకొకావిడకి ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు. ఆడవాళ్లకి బస్సు ఉచితమైనప్పటి నుంచీ ఈ మాట ఎక్కువగా వింటున్నాను. "టికెట్ లేదన్నారు, మెట్టెక్కనీయట్లేదు నా మోకాలు" అన్నారావిడ. బస్సు మెట్టు మన ఇంటి మెట్టుకన్నా చాలా ఎత్తు. ఇల్లూ వాకిలీ చూసుకునే పెద్దావిడ ఆస్పత్రి మెట్ల పరీక్ష దర్జాగా పాసై బస్సు దగ్గర ఆగిపోవచ్చు. అందుకని ఆవిడ వ్యాయామంలో స్టూలు ఎత్తు నెలనెలా పెంచుతూ పోయాం.

ఈ పద్ధతిలో ఇంకో లాభముంది. ఆవిడ చెప్పిన పని కొత్త మోకాలితో కుదిరేదేనా కాదా అన్నది ఆపరేషన్‌కి ముందే సర్జన్ ముందు పెట్టొచ్చు. కింద కూర్చుని వ్రతం చేసుకోవాలన్నది మొదటి కోరికైతే, ఆ మాట ఇప్పుడే అడగండి. చాలామంది సర్జన్లు కింద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం వద్దనే చెప్తారు. ఎత్తు పీట, వెస్టర్న్ కమోడ్ ఏర్పాట్లు ఆపరేషన్‌కి ముందే చేసుకోవాలి, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు కాదు.

ఇంట్లో చేయించొచ్చా

కుర్చీ పరీక్ష, నడక చేయించొచ్చు. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పార్కింగ్ ఖాళీగా ఉన్న వేళ టేపుతో 10 మీటర్లు కొలిచి సుద్దముక్కతో గీత గీస్తే చాలు. పక్కన ఒకరు నిలబడాలి, చెయ్యి పట్టుకోకుండా, పడితే ఆపేంత దగ్గరలో. మెట్ల టైము మాత్రం ఇంట్లో తీయొద్దు. స్టాప్‌వాచ్ చూస్తే పెద్దవాళ్లకి కూడా పరీక్ష రాసే పిల్లల్లా తొందర పుడుతుంది. గుండె జబ్బు, బీపీ అదుపులో లేకపోవడం, తల తిరగడం ఉంటే ఇవేవీ డాక్టర్‌ని అడక్కుండా చేయించకండి. ఆపరేషన్ తర్వాత పిక్క గట్టిగా వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, జ్వరం గానీ కుట్ల దగ్గర చీము గానీ ఉన్నా కొలతలు పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

డబ్బుల సంగతి కూడా అడిగారు కాబట్టి: ఈ పరీక్షలకి కుర్చీ, టేపు, స్టాప్‌వాచ్ తప్ప పరికరాలు అక్కర్లేదు. అన్నీ కలిపి అరగంట పని. దీనికి ప్యాకేజీ పేరుతో వేలల్లో బిల్లు వేస్తే ఏం చేశారో కాగితం మీద చూపించమనండి. నడక విశ్లేషణ ల్యాబులంటూ ఖరీదైనవి ఉన్నాయి, పరిశోధనకి అవసరం, అమ్మగారికి ఈ దశలో అక్కర్లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది, ఆ ఫిజియో రాసుకున్న అంకెలన్నిటినీ ఫోటో తీసుకోండి. కుర్చీ ఎత్తు, చేతికర్ర వాడారా లేదా, ఏ కాలికి ఎంత వంగుతుంది, ఎంత చాపగలరు, ఫారంలో ఏ లెక్క వాడారు, ఇవి రాసి లేకపోతే అడిగి రాయించుకోండి. ఆపరేషన్ ఒకచోట, ఫిజియో ఇంటి దగ్గర ఇంకోచోట అయితే ఆ కాగితం మీ దగ్గరుండటమే ముఖ్యం, ఆస్పత్రి కంప్యూటర్‌లో ఉంటే ఇంటికొచ్చే ఫిజియోకి ఉపయోగం లేదు. అమ్మగారిని ఒంటరిగా కూర్చోబెట్టి ఆ మూడు పనులేంటో అడగండి. ఆవిడ ఏం చెప్పారో ఇక్కడ రాస్తే, వాటిలో ఏది ఏ నెలకి అందుకోవచ్చు, దేనికి ఇప్పటి నుంచే తొడ కండకి వ్యాయామం మొదలుపెట్టాలి అన్నది చెప్తాను.